సైటు ఇవ్వకపోవడం అనే శిక్ష: ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ

(ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్నది ఒక పిండి సొరుగు. 1926 తర్వాత జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు జీతగాళ్ల కోసం కట్టిన ఇళ్లలో, వంటగది గోడకి అమర్చినది. దాని పక్కనున్న సొరుగులన్నీ అల్యూమినియంవి. బియ్యానికి, పంచదారకి, ఎండు దినుసులకి అల్యూమినియం. పిండికి మాత్రం ఓక్ చెక్క. ఓక్‌లో టానిన్ ఎక్కువ. మన కరక్కాయ కొరికితే నాలుక పట్టేసే వగరు ఉంటుందే, అదే పదార్థం. పిండి పురుగుకి అది గిట్టదు. అందుకే పిండికి ఓక్. కూరగాయలు తరిగే బల్లకి మళ్లీ వేరే కర్ర, బీచ్. గట్టి కర్ర, కత్తిగాట్లకి తొందరగా లొంగదు, పులుపు మరకలు తట్టుకుంటుంది. ఒక చిన్న గదిలో మూడు పనులకి మూడు పదార్థాలు.

ఈ సొరుగు గీసిన మనిషికి నాజీ కోర్టు 15 ఏళ్ల కఠిన కారాగారం వేసింది. జైలు నుంచి బయటపడి సొంత ఊరు చేరాక ఆ ఊరు ఆమెకి పని ఇవ్వడం దాదాపు మానేసింది. వంటగది సంగతి ప్రతి ఆర్కిటెక్చర్ చరిత్రలోనూ ఉంటుంది. జైలు సంగతి కొన్నిటిలో ఉంటుంది. పని ఇవ్వని సంగతి మాత్రం ఒక వాక్యంలో దాటిపోతుంది. నేను ఇవాళ ఎక్కువసేపు ఆగేది అక్కడే.

ఎందుకో ముందే చెప్తాను. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన కవి మనకున్నాడు. ఆ పద్యాలు పద్యాలే, గోడకి సున్నం కొట్టినా చెరగలేదు. ఆర్కిటెక్ట్‌కి ఆ వెసులుబాటు లేదు. స్థలం కావాలి, కట్టించుకునేవాడు కావాలి, అనుమతి కావాలి, ఎస్టిమేట్ పాసవ్వాలి, టెండర్ పిలవాలి, మేస్త్రీ రావాలి. ఈ వరసలో మొదటిది అందకపోతే మిగతావి మొదలే కావు. కాబట్టి ఆర్కిటెక్ట్ నోరు నొక్కడానికి జైలు అక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. మార్గరెటె లిహోట్స్కీ 1897 జనవరి 23న వియన్నాలో పుట్టారు. 1915లో అక్కడి అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో చేరారు, అక్కడ ఆర్కిటెక్చర్ చదివిన మొదటి మహిళ ఆమే. 1917లో కార్మికుల ఇళ్ల మీద ఒక డిజైన్ పోటీ వచ్చింది. ఆమె గురువు ఓస్కర్ స్ట్ర్నాడ్ పెట్టిన షరతు ఒక్కటే: పెన్సిల్ పట్టుకునే ముందు కార్మికుల వాడలకి వెళ్లి, వాళ్లు ఎలా బతుకుతున్నారో చూసి రావాలి. ఆ రోజుల్లో వియన్నా కార్మికుల ఇల్లంటే ఒక గది, ఒక వంటగది. కుళాయి, మరుగుదొడ్డి బయట నడవాలో, ఆ అంతస్తు వాళ్లందరికీ ఉమ్మడి. ఆ నడవా కుళాయిని బసేనా అనేవారు. ఆడవాళ్ల పొద్దు చాలావరకు దాని చుట్టూనే తిరిగేది. లిహోట్స్కీ వెళ్లారు, చూశారు, గీశారు, బహుమతి వచ్చింది. ముందు చూడటం, కొలవడం, ఆ తర్వాతే గీయడం అనే పద్ధతి అక్కడ పడింది. ఆ తర్వాత ఎనభై ఏళ్లు దాన్ని వదల్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వియన్నాలో తిండి లేదు, ఇళ్లు లేవు. జనం ఊరి చివర ఖాళీ భూములు పట్టుకుని గుడిసెలు వేసుకున్నారు, కూరగాయలు పండించుకున్నారు. నగరం దాన్ని అణచకుండా ఒక సెటిల్‌మెంట్ ఆఫీసు పెట్టి దారిలో పెట్టింది. అక్కడ అడోల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి లిహోట్స్కీ పనిచేశారు. ఆ రోజుల్లో గీసినవాటిలో రెండు గుర్తుపెట్టుకోండి. ఒకటి కాంక్రీటులో పోత పోసిన గిన్నెల గది: తొట్టి, గట్టు, అన్నీ కలిపి ఒకే వస్తువు. రెండోది 1923లో నగర మందిరం ముందు ప్రదర్శనకి పెట్టిన కోర్ హౌస్. డబ్బున్నంత మేరకి నడిమి భాగం కట్టుకుని అందులో కాపురం పెట్టడం, చేతికి డబ్బు అందినప్పుడు పక్కకి గదులు కలుపుకోవడం. మన దగ్గర పైన కట్టుకోవడానికి స్లాబు మీద ఇనుప చువ్వలు వదిలేస్తాం కదా, ఆలోచన అదే. తేడా ఏమిటంటే, ఆఖరి గది ఎక్కడికి వస్తుందో ఆమె ప్లాన్‌లో మొదటి రోజే తేలిపోతుంది. మెట్లు, పైపులు, పొగగొట్టం తర్వాత పగలగొట్టాల్సిన అవసరం రాదు.

1926లో ఎర్న్‌స్ట్ మే ఆమెను ఫ్రాంక్‌ఫర్ట్‌కి పిలిచారు. ఆయన ఆ నగర నిర్మాణ విభాగానికి పెద్ద. కొద్ది ఏళ్లలో వేల ఇళ్లు కట్టాలి, అద్దె మాత్రం కార్మికుడు మోయగలిగేంత ఉండాలి. అంటే ఇల్లు చిన్నదవ్వాలి. ఇల్లు చిన్నదైతే వంటగది ఇంకా చిన్నదవుతుంది. అందులో మనిషి నలిగిపోకుండా ఎలా గీయాలన్నది ప్రశ్న.

ఇప్పుడు ప్లాన్ చూడండి. ఎక్కువగా కట్టిన రకం 1.87 మీటర్ల వెడల్పు, 3.44 మీటర్ల పొడవు. మన లెక్కలో సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండడుగులు దాటిన పొడవు, మొత్తం 70 చదరపు అడుగులు. పొట్టి గోడకి కిటికీ. కిటికీ కింద పని బల్ల, దాని ముందు ఎత్తు మార్చుకునే తిరుగుడు స్టూలు. కూర్చుని, పగటి వెలుతురులో, నీడ చేతి మీద పడకుండా తరుక్కోవచ్చు. బల్లలోనే చెత్త సొరుగు. తొక్కలు అటే తోసేస్తే అందులో పడతాయి, నిండాక సొరుగు ఊడదీసి పారబోస్తారు. చెత్తబుట్ట కోసం వంగడం లేదు, లేవడం లేదు.

ఒక పొడుగు గోడకి సింకు, గిన్నెల అరలు, అల్యూమినియం సొరుగులు. ఎదురు వైపు స్టవ్, హాల్లోకి స్లైడింగ్ తలుపు. నడుమ మిగిలిన దారిలో ఒక మనిషి నిలబడి రెండు వైపులా చెయ్యి చాపితే అందుతుంది. రైలు డైనింగ్ పెట్టెలో వంట చేసే చోటుని ఆమె నమూనాగా తీసుకున్నారు. అంత ఇరుకులో అంతమందికి వండి వడ్డించగలుగుతున్నారంటే అక్కడ ప్రతి వస్తువుకీ స్థానం కుదిరిందన్నమాట. స్టాప్‌వాచ్ పెట్టి ఏ పనికి ఎంత సేపు పడుతోంది, ఎన్ని అడుగులు పడుతున్నాయి అని లెక్కగట్టారు.

సింకు దగ్గర ఇంకాస్త ఆగుదాం. కుడిచేతి వాటం మనిషి కంచం ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో తోముతుంది. కాబట్టి మాసినవి కుడివైపు ఉండాలి, కడిగినవి ఎడమవైపు వెళ్లాలి. అటూ ఇటూ మారితే ప్రతి కంచానికీ చేతులు ఒకదాన్నొకటి దాటుకోవాలి. కడిగిన కంచాలు నిలువుగా నిలబెట్టే అరలో పెడితే నీళ్లు ఓడి వాటంతటవే ఆరిపోతాయి. గుడ్డతో తుడిచే పని మొత్తం పోయింది. చిన్న విషయంలా ఉంటుంది కానీ, రోజూ మూడు పూటలా గిన్నెలు తోమే మనిషికి ఇదెంత పనో తెలుసు.

గోడకి మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల ఉంది. స్టవ్ దగ్గర ఉడుకు పెట్టె ఉంది. వేడి బయటికి పోకుండా కట్టిన పెట్టె. పొద్దున గిన్నె మరిగించి అందులో పెట్టి మూత వేస్తే, పనికి వెళ్లి వచ్చేసరికి తనంతట తనే ఉడికి ఉంటుంది, గ్యాస్ మిగులుతుంది. పైకప్పుకి పట్టాల మీద జరుపుకునే దీపం. కింది అలమరలు కాంక్రీటు పీఠం మీద కూర్చుంటాయి, పీఠం కొంచెం లోపలికి ఉంటుంది. కాలి వేళ్లకి చోటు, కింద దుమ్ము చేరే సందు ఉండదు. చాలా వంటగదులకి నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వేశారు, ఈగలు ఆ రంగు మీద వాలవని అప్పటి పరిశోధకుల మాట. స్లైడింగ్ తలుపు తీస్తే స్టవ్ దగ్గర నుంచి భోజనాల బల్ల సుమారు 3 మీటర్లు. వండుతూ హాల్లో ఆడుకునే పిల్లల మీద ఒక కన్ను వేసి ఉంచవచ్చు. ఈ వంటగదిని విడిగా కొనుక్కోనక్కర్లేదు. ఇంటితోపాటే వచ్చేది, ఖర్చు అద్దెలో కలిసేది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సుమారు 10,000 ఇళ్లలో పెట్టారు. ఇవాళ మన ఫ్లాట్లలో మాడ్యులర్ కిచెన్ అంటున్నదాని మూలం ఇక్కడుంది.

ఎక్కడ బెడిసిందో కూడా చెప్పాలి. అల్యూమినియం సొరుగులు కింద ఉన్నాయి, చిన్నపిల్లల చేతికి అందేవి. పేరు రాసిన సొరుగులో ఆ దినుసే ఉండాలి, ఆ ఇంట్లో దాని వాడకం లేకపోతే సొరుగు వృథా. ఇద్దరు కలిసి వండలేరు. వంటగదిలోనే కూర్చుని తినే అలవాటున్న కుటుంబాలకి కాలు మడవడానికి చోటు లేదు. పెద్ద బల్ల ఇరికించబోయి దారి మూసేసుకున్నవాళ్లున్నారు. మన ఇళ్లలో ఇదే సొరుగు పెడితే ఇంకో ఇబ్బంది వస్తుంది: ఉప్పు, చింతపండు తగిలితే అల్యూమినియం గుంటలు పడుతుంది, అందుకే మనవాళ్లు వాటికి జాడీ వాడారు. 1970ల్లో స్త్రీవాదులు ఇంకో మాటన్నారు: ఈ గది ఆడదాన్ని ఒంటరిగా గోడల మధ్య బిగించింది, మగవాడు అడుగుపెట్టే వీలు కూడా లేకుండా చేసింది అని. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ అది 1926లో ఒక పక్క ఫ్యాక్టరీకి, ఒక పక్క ఇంటికి మధ్య నలిగే ఆడదానికి గంట మిగల్చడానికి గీసిన గది. ఆ సంగతి పక్కన పెట్టి విమర్శిస్తే న్యాయం కాదని నా అభిప్రాయం. దీన్ని గీసేనాటికి తను ఇల్లు నడిపింది లేదు, వంట చేసింది లేదు అని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. ఆడది కాబట్టి వంటగది గీసింది అనే మాట ఆవిడకి గిట్టేది కాదు. అది ఆర్కిటెక్ట్‌గా చేసిన పని.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే 1927లో సహోద్యోగి విల్హెల్మ్ షుట్టెను పెళ్లాడారు. ఒంటరిగా ఉండే ఉద్యోగినుల ఫ్లాట్లు, బడుల్లో వంట నేర్పే గదులు, పిల్లల కేంద్రాలు గీశారు. 1930 శరత్కాలంలో ఎర్న్‌స్ట్ మే వెంట 17 మంది బృందంగా సోవియట్ యూనియన్‌కి వెళ్లారు, మాగ్నిటోగోర్స్క్ లాంటి కొత్త ఉక్కు నగరాల కోసం. అక్కడ ఆమె వంతు శిశు కేంద్రాలు, కిండర్‌గార్టెన్లు. ఏడేళ్లు అదే పని. 1932లో వెర్క్‌బుండ్ అనే డిజైనర్ల సంఘం వియన్నాలో కట్టిన నమూనా కాలనీలో రెండు చిన్న ఇళ్లు కూడా ఆమెవే. అక్కడ గీసిన ఆర్కిటెక్టుల్లో మహిళ ఆమె ఒక్కరే. 1937 నాటికి సోవియట్ దేశంలో విదేశీ నిపుణుల మీద అనుమానాలు, అరెస్టులు ముసురుకున్నాయి. ఆ ఏడే దంపతులు బయటపడ్డారు. ఆమె 1939లో ఆస్ట్రియా కమ్యూనిస్ట్ పార్టీలో చేరి, 1956లో హంగరీలోకి, 1968లో చెకోస్లొవేకియాలోకి సోవియట్ సేనలు దిగిన తర్వాత కూడా, చివరిదాకా అందులోనే ఉన్నారు. ఆస్ట్రియాలో నిర్బంధాన్ని ఎదిరించిన మనిషి మాస్కోలో చూసిన నిర్బంధం తర్వాత కూడా పార్టీతోనే ఎలా ఉండగలిగారు అని మీరు అడిగితే, అది అడగాల్సిన ప్రశ్నే. ఆమె మీద గౌరవం ఉన్నంత మాత్రాన ఆ ప్రశ్నను దాచిపెట్టను.

1938లో ఇస్తాంబుల్. లలిత కళల అకాడమీలో పాఠాలు, దాంతోపాటు టర్కీ విద్యాశాఖ కోసం అనటోలియా పల్లెల బడులకి నమూనా ప్లాన్లు. ఊళ్లో దొరికే మట్టి, రాయి, కర్ర, ఊరివాళ్ల చేతులు, వీటితో లేచేలా గీశారు. ఆ పనితోనే ఉండిపోయినట్టయితే యుద్ధం అయ్యేదాకా అక్కడే క్షేమంగా ఉండేవారు.

ఉండలేదు. ఇస్తాంబుల్‌లో హెర్బర్ట్ ఐష్‌హోల్ట్సర్ అనే మరో ఆస్ట్రియన్ ఆర్కిటెక్ట్ నాజీ వ్యతిరేక రహస్య సంఘాలను కలుపుతున్నారు. 1940 డిసెంబరు చివర్లో లిహోట్స్కీ, నాజీల పాలనలో ఉన్న వియన్నాలోని రహస్య సంఘానికి, బయట ఉన్నవాళ్లకి మధ్య సంబంధం కుదర్చడానికి, రైలెక్కి వెళ్లారు. ఆమె ఆ ఊళ్లో స్వేచ్ఛగా ఉన్నది 25 రోజులు. 1941 జనవరి 22న ఒక కాఫీ హోటల్లో, ఎర్విన్ పుష్మాన్ అనే సహచరుడితో ఉండగా నాజీల రహస్య పోలీసు, గెస్టపో, పట్టుకుంది. మర్నాడు ఆమెకి 44 ఏళ్లు నిండాలి. సంఘం లోపలే గెస్టపో మనిషి ఉన్నాడు, ఆచూకీ అంతా అతనే ఇచ్చాడు. రహస్య పని ఎలా చెడుతుందో తెలిసినవాళ్లకి ఇది వింత కాదు. బయటినుంచి వచ్చిన మనిషి ఎవరో ఒకరిని నమ్మి తీరాలి, ఆ ఒక్క కొక్కేనికే వల తగిలించి ఉంటుంది.

1942 సెప్టెంబరు 22న తీర్పు. ప్రాసిక్యూషన్ ఉరి అడిగింది, 15 ఏళ్లు పడ్డాయి. బవేరియాలోని ఐహాఖ్ మహిళా కారాగారానికి పంపారు. ఐష్‌హోల్ట్సర్, పుష్మాన్‌లను 1943 జనవరి 7న వియన్నాలో చంపేశారు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం ఐహాఖ్ తలుపులు తీసింది. అరెస్టు రోజు నుంచి లెక్కిస్తే 4 ఏళ్ల 3 నెలల 7 రోజులు.

ఈ లెక్క చెప్పగలుగుతున్నానంటే కారణం, దానికి కాగితం ఉంది. అరెస్టు తేదీ, నేరారోపణ, తీర్పు, జైలు పేరు, విడుదల తేదీ. ఇప్పుడు చెప్పబోయే రెండో శిక్షకి ఇవేవీ లేవు.

1946లో బల్గేరియా రాజధాని సోఫియాలో పిల్లల సంస్థల డిజైన్ పని చూసి, 1947 జనవరిలో వియన్నాకి తిరిగొచ్చారు. సరిగ్గా యాభయ్యో పడి. వియన్నా కుప్పకూలి ఉంది. బాంబులకి ఇళ్లు పోయాయి, నగరం తిరిగి వేల ఇళ్లు కట్టే పనిలో ఉంది. ఆమె దగ్గరేముంది? ఫ్రాంక్‌ఫర్ట్‌లో 10,000 ఇళ్ల అనుభవం. మాస్కోలో ఏడేళ్ల శిశు కేంద్రాల అనుభవం. చవకగా, వేగంగా, పెద్ద సంఖ్యలో ఎలా కట్టాలో తెలిసిన మనిషి వియన్నాలో అప్పుడు ఆమెకి మించి ఇంకొకరు దొరకడం కష్టం.

నగరం ఆమెకిచ్చిన కట్టడాలు: రెండు ఇళ్ల సముదాయాలు, బార్త్‌గాస్సేలో ఒకటి, షుట్టెల్‌స్ట్రాస్సేలో ఒకటి. రెండు కిండర్‌గార్టెన్లు, 1950ల మొదట్లో కపౌన్‌ప్లాట్స్‌లో ఒకటి, 1961-63లో రిన్‌బోక్‌స్ట్రాస్సేలో ఒకటి. పదిహేనేళ్లకి పైగా కాలంలో నాలుగు. మిగతా పెద్ద పనల్లా సొంత పార్టీది. ఇతర ఆర్కిటెక్టులతో కలిసి 1950ల నడిమిలో గీసిన గ్లోబస్ ప్రచురణాలయం, ప్రింటింగ్ ప్రెస్సు. ఇవికాక ప్రతిఘటన వీరుల స్మారకాలు కొన్ని.

ఎందుకిలా? అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. 1955 దాకా వియన్నా నాలుగు దేశాల సైన్యాల కింద ఉంది. నగరాన్ని ఏలేది సోషలిస్టులు, వాళ్లకి కమ్యూనిస్టులంటే పడదు. 1945 ఎన్నికల్లో పార్లమెంటులో 4 సీట్లు తెచ్చుకున్న కమ్యూనిస్ట్ పార్టీ 1959కి ఒక్క సీటు లేకుండా పోయింది. అంతేకాదు, ఆమె 1948 నుంచి డెమోక్రటిక్ మహిళల సమాఖ్య అధ్యక్షురాలు, అంటే పేరు దాచుకుని బతికే రకం కాదు. అదే కాలంలో వియన్నా పెద్ద నాటకశాలలు 1953 నుంచి 1963 దాకా, కమ్యూనిస్టుల వైపున్న జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకాలు వేయలేదు. దానికి నిషేధాజ్ఞ లేదు, చట్టం లేదు. వేయలేదు, అంతే. లిహోట్స్కీ సంగతీ ఆ తీరే. ఆమె పేరు ఫలానా జాబితా నుంచి కొట్టేశాం అని ఎవరూ సంతకం పెట్టలేదు. సంతకం లేని నిర్ణయం మీద అప్పీలు ఎక్కడ చేస్తారు?

మరి కాగితం లేనిదాన్ని ఎలా రుజువు చేస్తాం? పరిశోధన చేయబోయే విద్యార్థులు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. నేను చేసే పద్ధతి ఇది. ఆ ఆర్కిటెక్ట్ పనులన్నీ ఏడాది వారీగా రాసుకుని, ప్రతిదాని పక్కన రెండు గడులు పెట్టండి: కట్టించింది ఎవరు, కట్టారా లేదా. లిహోట్స్కీ జాబితాలో 1926 నుంచి 1930 దాకా కట్టించినవాళ్ల గడిలో ప్రభుత్వమే. 1947 తర్వాత ఆ గడి పల్చబడుతుంది, పక్కన "కాగితం మీదే" అన్న మాట పెరుగుతుంది. ఇంత మాత్రం చాలదు, ఎందుకంటే ఎవరైనా వయసు మీరి పని తగ్గించుకుని ఉండొచ్చు. అందుకని పోలికకి ఇంకొకరిని తెచ్చుకోవాలి. వయసు, చదువు, అనుభవం దగ్గరగా ఉండి, రాజకీయం ఒక్కటే వేరైన మనిషిని.

అలాంటి మనిషి ఉన్నారు. ఫ్రాంట్స్ షుస్టర్. ఆమె కన్నా నాలుగేళ్లు పెద్ద. ఆమెకి అప్లైడ్ ఆర్ట్స్ స్కూల్లో పాఠం చెప్పిన ఆర్కిటెక్ట్ టెస్సెనౌకి ఆయనా శిష్యుడే, వియన్నా సెటిల్‌మెంట్ ఉద్యమంలో ఉన్నాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్లాడు. 1937లో వియన్నాలో ప్రొఫెసర్ అయ్యాడు, నాజీ కాలమంతా ఆ ఊళ్లోనే ఉన్నాడు. 1945 తర్వాత? 1947లో మొదలైన పెర్ ఆల్బిన్ హాన్సన్ కాలనీ గీసినవాళ్లలో ఆయన ఒకరు, యుద్ధానంతర వియన్నాలో మొదటి పెద్ద కాలనీ అది. స్విట్జర్లాండ్ విరాళంతో లేచిన ప్రత్యేక కిండర్‌గార్టెన్ కూడా ఆయనదే. షుస్టర్ సమర్థుడు, ఆ కట్టడాలు మంచివి, ఆయన్ని తక్కువ చేయడానికి ఈ మాట ఎత్తలేదు. ఒకే బడి, ఒకే ఉద్యమం, ఒకే ఫ్రాంక్‌ఫర్ట్. ఒకరు ఊళ్లో ఉండిపోయారు, ఒకరు ప్రాణాలకి తెగించి ఊళ్లోకి తిరిగొచ్చారు. కాలనీలు ఎవరికి దక్కాయో చూస్తే సంగతి అర్థమవుతుంది.

అందిన కాస్త పనిలో ఆమె ఏం చేశారో చూడాలి కదా. కిండర్‌గార్టెన్‌లో పెద్ద భవనం, పొడుగు నడవా, వరసగా తరగతులు అనే నమూనాను ఆమె పక్కన పెట్టారు. ఒక్కో పిల్లల బృందానికీ ఒక్కో చిన్న ఇల్లులాంటి భాగం. దాని సొంత బూట్లు విప్పే చోటు, సొంత చేతులు కడుక్కునే తొట్లు, మరుగుదొడ్డి, సొంత గుమ్మం ముందు ఆరుబయలు. ఎందుకంటే మూడేళ్ల పిల్లాడికి వంద మంది మధ్య తన చోటేదో తెలియదు, ఏడుస్తాడు. ఇరవై మంది ఉన్న గది, దాని గుమ్మం, దాని చెట్టు తెలుస్తాయి. ఒక బృందంలో జబ్బు వస్తే పక్క బృందానికి పాకే దారి కూడా తగ్గుతుంది. తొట్టి ఎత్తు, కిటికీ అంచు, తలుపు పిడి అన్నీ పిల్లాడి కొలతకే. ఈ పద్ధతిలో లోపం ఖర్చు. గోడలు ఎక్కువ, పైకప్పు ఎక్కువ, పైపులు నాలుగు చోట్లకి పారాలి, స్థలం ఎక్కువ కావాలి. ఆ లోపాన్ని తగ్గించడానికే 1960ల్లో ఆమె ఒక కిట్ పద్ధతి తయారుచేశారు. ఒకే కొలతల చట్రం మీద కూర్చునే విడి భాగాలు. స్థలం, పిల్లల సంఖ్య బట్టి వాటినే అటూ ఇటూ మార్చి కూర్చుకోవచ్చు, ఫ్యాక్టరీలో ఒకేసారి పోతపోసుకోవచ్చు. వియన్నాలో అది కట్టడం దాకా రాలేదు. క్యూబా విద్యాశాఖ పిలిచింది, తూర్పు బెర్లిన్ నిర్మాణ అకాడమీ పిలిచింది, సలహాదారుగా వెళ్లారు. సొంత ఊళ్లో ఆ డ్రాయింగులు గొట్టంలో చుట్టి ఉండిపోయాయి.

1960ల చివర్లో వియన్నా ఐదో వార్డులో, ఫ్రాంట్సెన్స్‌గాస్సే 16లో, తన కోసం ఒక ఫ్లాట్ గీసుకున్నారు. సుమారు 55 చదరపు మీటర్లు, టెర్రస్‌తో. చివరిదాకా అందులోనే ఉన్నారు. 10,000 వంటగదులు గీసిన మనిషి, కట్టించుకునేదీ తనే, గీసేదీ తనే అయిన సందర్భం అది. ఇప్పుడది రక్షిత కట్టడం.

గుర్తింపు ఎనభై దాటాక మొదలైంది. 1980లో వియన్నా నగర ఆర్కిటెక్చర్ బహుమతి. 1985లో నాజీ ప్రతిఘటన మీద ఆమె జ్ఞాపకాల పుస్తకం. 1988లో ఆస్ట్రియా ప్రభుత్వం సైన్స్, కళల గౌరవ పతకం ఇస్తామంది. దేశాధ్యక్షుడు కుర్ట్ వాల్డ్‌హైమ్ చేతుల మీదుగా ఇవ్వాలి. యుద్ధకాలంలో ఆయన జర్మన్ సైన్యంలో చేసిన ఉద్యోగం సంగతి దాచాడని అప్పుడే బయటపడి ఉంది. ఆమె ఆ చేతుల మీదుగా తీసుకోనన్నారు. అధ్యక్షుడు మారాక 1992లో తీసుకున్నారు. పతకం వద్దనలేదు, ఆ చెయ్యి వద్దన్నారు. ఆ తేడా చాలామంది వదిలేసి చెప్తారు కాబట్టి నొక్కి చెప్తున్నాను.

1995లో ఆస్ట్రియా పార్లమెంటులో ఫ్రీడమ్ పార్టీ నాయకుడు యోర్గ్ హైడర్ నాజీ నిర్బంధ శిబిరాలను "శిక్షా శిబిరాలు" అన్నాడు. శిక్ష అంటే తప్పు చేసినవాళ్లకి పడేది. ఆ ఒక్క మాటతో లోపల చచ్చినవాళ్లంతా నేరస్తులైపోతారు. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లు అతని మీద కేసు వేశారు, వాళ్లతోపాటు లిహోట్స్కీ కూడా. అప్పటికి ఆమెకి 98 ఏళ్లు. ఆ కేసు ఆమె ఐష్‌హోల్ట్సర్ స్నేహితురాలిగా కూడా వేశారని నేననుకుంటాను. ఆయన పేరు పక్కనా అధికారిక తీర్పు కాగితమే ఉంది మరి. 2000 జనవరి 18న, 103 నిండడానికి ఐదు రోజుల ముందు, వియన్నాలో కన్నుమూశారు. అంతకు కొన్నేళ్ల ముందే నలుగురు మహిళా ఆర్కిటెక్టులు గీసిన వియన్నా ఇళ్ల సముదాయానికి ఆమె పేరు పెట్టారు.

చివరగా చేతికి పని. ఆ వంటగది చూడాలంటే ఫ్రాంక్‌ఫర్ట్ రోమర్‌స్టాట్‌లో ఎర్న్‌స్ట్ మే హౌస్ ఉంది, వియన్నా అప్లైడ్ ఆర్ట్స్ మ్యూజియంలో నకలు ఉంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు ఒక ఎ4 కాగితం తీసుకుని 1:20 స్కేలులో గీయండి. వెడల్పు 9.35 సెంటీమీటర్లు, పొడవు 17.2. పొట్టి గోడకి కిటికీ, దాని కింద బల్ల, ఒక పొడుగు గోడకి సింకు, ఎదురుగా స్టవ్. తర్వాత దారప్పోగు ఒకటి తీసుకుని, పప్పు ఉడికించి వడ్డించి గిన్నెలు తోమేదాకా మనిషి ఎక్కడెక్కడికి తిరుగుతుందో గుండుసూదుల చుట్టూ తిప్పండి. అయ్యాక ఆ దారం విప్పి కొలవండి. సాయంత్రం ఇంటికి వెళ్లి మీ వంటగదిది కూడా అదే స్కేలులో గీసి, అదే వంటకి మళ్లీ కొలవండి. రెండు దారాలూ రేపు క్లాసుకి తీసుకురండి.